ఇండక్షన్ పొయ్యి: దోషం ఎక్కడ ఉన్నది?

వంట జరుగుతుండగా ఇండక్షన్ పొయ్యి లోపలినుంచి టప్పుమని చప్పుడు వస్తుంది. ఇంట్లో దీపాలు ఒక్కక్షణం మినుకుమంటాయి. పొయ్యి మళ్ళీ పలకదు. బాగుచేసే అంగడిలో మూత విప్పి చూస్తే ఫ్యూజు కాలిపోయి ఉంటుంది. దాని వెనుక మూడు కాళ్ళున్న నల్లని ట్రాన్సిస్టరు ఒకటి పగిలి ఉంటుంది. ఆ రెంటినీ మార్చి మీట నొక్కుతారు. మళ్ళీ అదే టప్పుమనే చప్పుడు! కొత్తగా వేసిన ట్రాన్సిస్టరు ఒక్క సెకను కూడా పనిచేయలేదు. దాని ఖరీదు వంద రూపాయలో, రెండువందలో పోయింది. రెండోసారి, మూడోసారి కూడా అట్లాగే అయితే, "ఈ పొయ్యి ఇక పనికిరాదు" అని యజమానికి చెప్పి పంపుతారు.

ఇక్కడ పొరపాటు చేతిపనిలో లేదు, ఆలోచనలో ఉన్నది. కాలిపోయిన భాగమే దోషానికి మూలమని అనుకొన్నారు. కాని ఈ పొయ్యిలో ట్రాన్సిస్టరు తనంతట తాను చెడిపోవడం కంటే, ఇతర భాగాల తప్పులకు బలి కావడమే ఎక్కువ. ఆ భాగాలు ఏవో, వాటి తప్పు ట్రాన్సిస్టరు మీదికి ఎట్లా వస్తుందో తెలుసుకోవాలంటే పొయ్యి పనిచేసే తీరు ముందు తెలియాలి.

ఈ పొయ్యికి మంట లేదు, ఎర్రగా కాలే తీగ కూడా లేదు. గాజుపలక కింద సన్నని రాగితీగల పేటను జంతిక చుట్టినట్లు బల్లపరుపుగా చుట్టి ఉంచుతారు. అందులో సెకనుకు ఇరవైవేలకు పైగా ఆవర్తనాలతో దిశ మార్చుకొనే విద్యుత్తు ప్రవహిస్తుంది. దానితోపాటు తీగచుట్ట చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రం కూడా అంత వేగంగానూ మారుతుంది. మారే అయస్కాంత క్షేత్రంలో ఉన్న వాహకంలో విద్యుత్తు పుడుతుందని ఫారడే 1831లో కనుగొన్నాడు. పలకమీద పెట్టిన గిన్నె అడుగులో పుట్టే ఈ సుడి ప్రవాహాలే గిన్నెను వేడి చేస్తాయి. పలకకు తగిలే వేడి గిన్నెనుంచి తిరిగి వచ్చినదే.

ఇనుప గిన్నె అయితే ఈ ప్రవాహాలు లోహపు మందమంతా పరచుకోవు. మిల్లీమీటరులో పదోవంతుకు అటూ ఇటూగా ఉండే పైపొరలోనే ఇరుక్కుంటాయి. ఇరుకు దారిలో నిరోధం ఎక్కువ, కాబట్టి వేడి ఎక్కువ. వాడుకలో సిల్వరు గిన్నె అని పిలిచే అల్యూమినియం గిన్నెలో ప్రవాహం మరింత లోతుగా పోతుంది, ఆ లోహానికి నిరోధమూ తక్కువ. అందువల్ల అది తగినంత వేడెక్కదు. పొయ్యి దానిని గిన్నెగానే గుర్తించదు. స్టీలు గిన్నెలలో కూడా అయస్కాంతానికి అంటుకోనివి ఉన్నాయి. "గిన్నె పెట్టినా పెట్టలేదంటున్నది" అనే ఫిర్యాదుతో వచ్చిన పొయ్యిని విప్పేముందు గిన్నె అడుగున ఒక అయస్కాంతం పెట్టి చూడటం మంచిది. అంగడికి వచ్చే పొయ్యిలలో కొన్నింటికి ఏ జబ్బూ ఉండదు.

ఇంటికి వచ్చే విద్యుత్తు పౌనఃపున్యం 50 మాత్రమే. దానిని ఇరవైవేలకు పైగా పెంచడమే పొయ్యి లోపలి వలయం చేసే పని. ముందుగా నాలుగు డయోడ్ల వంతెన 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తును ఏకముఖ విద్యుత్తుగా మారుస్తుంది. 230 అనేది ఆర్.ఎం.ఎస్. లెక్క. దాని శిఖర విలువ సుమారు 325 వోల్టులు. వంతెన తరువాత 5 మైక్రోఫారడ్‌ల కండెన్సరు ఒకటి ఉంటుంది. దాని తరువాత తీగచుట్ట, దానికి సమాంతరంగా సుమారు 0.3 మైక్రోఫారడ్ విలువగల మరొక కండెన్సరు, వాటి కింద ట్రాన్సిస్టరు. ఇండ్లలో వాడే ఒంటి పొయ్యిలలో ఎక్కువభాగం ఈ ఏర్పాటుతోనే తయారవుతాయి.

ఈ ట్రాన్సిస్టరు రేడియోలలో ఉండే చిన్నరకం కాదు. దీని పేరు ఇన్సులేటెడ్ గేట్ బైపోలార్ ట్రాన్సిస్టరు, క్లుప్తంగా ఐ.జి.బి.టి. మద్రాసులో పుట్టి, అక్కడి ఐ.ఐ.టి.లో 1969లో పట్టం పుచ్చుకొన్న బి. జయంత్ బాలిగ 1980 ప్రాంతంలో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ పరిశోధనశాలలో దీనిని రూపొందించాడు. గేటుకు ఇచ్చే పదిహేను, పద్ధెనిమిది వోల్టులతో నలభై ఆంపియర్ల ప్రవాహాన్ని తెరవడం, మూయడం దీని ప్రత్యేకత. రైలింజన్లలోను, విద్యుత్ కార్లలోను ఉన్నది కూడా ఈ జాతిదే.

ఇప్పుడు ఒక్క ఆవర్తనంలో జరిగేది గమనించాలి. ట్రాన్సిస్టరు తెరుచుకొనగానే తీగచుట్టలో ప్రవాహం క్రమంగా పెరుగుతుంది. అది 40 ఆంపియర్లకు చేరినప్పుడు ట్రాన్సిస్టరు మూసుకొన్నదనుకొందాం. చుట్టలోని ప్రవాహం ఉన్నట్టుండి ఆగలేదు. అది పక్కనున్న చిన్న కండెన్సరులోకి మళ్ళుతుంది. చుట్టలోని శక్తి కండెన్సరులోకి, కండెన్సరునుంచి తిరిగి చుట్టలోకి ఊగుతుంది. అట్లతద్దినాటి ఉయ్యాలను తలచుకొంటే సరిపోతుంది. ఉయ్యాల ఒకవైపు చివరిదాకా పోయి తిరిగివచ్చి, మళ్ళీ ముందుకు కదలబోయే క్షణంలో ఊపు అందించాలి. మధ్యదారిలో ఎదురుగా పోయి నెడితే నెట్టినవాడి చేయి నొప్పి పుడుతుంది. ట్రాన్సిస్టరు కూడా తన రెండు కొనల మధ్య వోల్టేజి సున్నాకు దిగివచ్చిన క్షణంలోనే తిరిగి తెరుచుకోవాలి. మూడువందల వోల్టులు ఉండగా తెరుచుకొంటే కండెన్సరులోని ఆవేశం అంతా ఒక్కసారిగా దాని గుండా దూకుతుంది.

ఉయ్యాల ఎంత ఎత్తుకు పోతుందో హైస్కూలు లెక్కతోనే తేల్చవచ్చు. చుట్ట ప్రేరకత్వం 90 మైక్రోహెన్రీలు అనుకొంటే, 40 ఆంపియర్ల వద్ద అందులోని శక్తి, ప్రేరకత్వాన్ని ప్రవాహపు వర్గంతో గుణించి సగం చేస్తే వచ్చేది, 0.072 జౌళ్ళు. అప్పటికే 325 వోల్టులతో ఉన్న 0.3 మైక్రోఫారడ్ కండెన్సరులో సుమారు 0.016 జౌళ్ళు ఉన్నాయి. మొత్తం 0.088 జౌళ్ళు. గిన్నె తీసుకొనే భాగాన్ని ఈ లెక్కలో వదిలివేస్తే, ఇదంతా కండెన్సరులోకి చేరినప్పుడు దాని వోల్టేజి సుమారు 765. దీనికి సరఫరా 325 కలిపితే ట్రాన్సిస్టరు మీద పడేది దాదాపు 1090 వోల్టులు. ఇట్టి పొయ్యిలలో సాధారణంగా వాడే ట్రాన్సిస్టరు ఓర్వగలది 1200. 230 వోల్టుల ఇంటి విద్యుత్తుకు 1200 వోల్టుల ట్రాన్సిస్టరు ఎందుకు అనే ప్రశ్నకు ఇదే జవాబు.

ఇక దోషం సంగతి. వేడికి, వాడకానికి ఆ చిన్న కండెన్సరు క్రమంగా బలహీనపడి 0.3 నుంచి 0.2 మైక్రోఫారడ్‌కు తగ్గిందనుకొందాం. పైలెక్కనే మళ్ళీ వేస్తే కండెన్సరు మీద 908, సరఫరాతో కలిపి 1233 వోల్టులు వస్తాయి. పరిమితి దాటింది, ట్రాన్సిస్టరు పగిలింది. కండెన్సరు మాత్రం చూడటానికి నిక్షేపంగా ఉన్నది! ఉబ్బలేదు, కాలలేదు, వాసన లేదు. కెపాసిటీ కొలిచే మీటరు పెడితే తప్ప దాని గుట్టు బయటపడదు. దీనిని కొలవకుండా కొత్త ట్రాన్సిస్టరు వేయడం అదే ప్రమాదంలోకి మరొకదానిని పంపడమే.

పొయ్యిని తయారుచేసినవారు ఈ అపాయాన్ని ఎరుగనివారు కారు. చుట్ట రెండు కొనలనుంచి లక్షల ఓముల నిరోధకాలను వరుసగా తగిలించి, పెద్ద వోల్టేజిని చిన్నదిగా చేసి, కంపారేటరు అనే పోల్చి చూసే చిప్పుకు అందిస్తారు. ఉయ్యాల తిరిగివచ్చిన క్షణాన్ని చూసేది, వోల్టేజి మితిమీరితే ట్రాన్సిస్టరును ఆపించేది ఇదే. చిక్కేమిటంటే వెయ్యి వోల్టుల ఒడుదొడుకులను రాత్రింబగళ్ళు మోసే ఈ నిరోధకాలు తామే చెడిపోతూ ఉంటాయి. 330 కిలో ఓములు ఉండవలసినది 500 అవుతుంది, లేదా పూర్తిగా తెగిపోతుంది. అప్పుడు కాపలావాడికి కళ్ళు మసకబారినట్లే. ట్రాన్సిస్టరు తెరుచుకోరాని క్షణంలో తెరుచుకొంటుంది.

ఈ నిరోధకాలను బోర్డుమీద ఉండగానే పరీక్షించడానికి ఒక చక్కని తర్కం ఉన్నది. నిరోధకానికి సమాంతరంగా ఇతర దారులు ఎన్ని ఉన్నా మీటరు చూపే విలువ తగ్గుతుందే కాని పెరగదు. కాబట్టి విద్యుత్తు తీసివేసి, కండెన్సర్లు ఖాళీ అయిన తరువాత చూసినప్పుడు, దానిమీద గుర్తించి ఉన్న విలువకంటే మీటరు గణనీయంగా ఎక్కువ చూపితే ఆ నిరోధకం చెడిపోయినట్లే, సందేహించవలసిన పని లేదు. తక్కువ చూపితే మాత్రం ఏమీ తేలలేదన్నమాట. ఒక కాలు ఊడదీసి మళ్ళీ కొలవాలి. సమాంతర నిరోధాల సూత్రం పరీక్షకోసం మాత్రమే కంఠస్థం చేసినవారికి ఈ ఉపయోగం తట్టకపోవచ్చు.

ట్రాన్సిస్టరుకు మూడో శత్రువు గేటు వోల్టేజి. గేటుకు 18 వోల్టులు అందితే అది పూర్తిగా తెరుచుకొని, తన మీద రెండు వోల్టులు మాత్రమే నిలుపుకొంటుంది. సగటున 15 ఆంపియర్లు పోతున్నాయనుకొంటే వేడి రూపంలో వచ్చేది 30 వాట్లు. హీట్ సింక్ అనే అల్యూమినియం రెక్కల దిమ్మ, దాని పక్కనున్న ఫ్యాను ఈ వేడిని తీసివేయగలవు. 18 వోల్టుల సరఫరాలోని ఎలక్ట్రొలిటిక్ కండెన్సరు ఎండిపోయి ఆ వోల్టేజి బాగా పడిపోతే ట్రాన్సిస్టరు సగం సగం తెరుచుకొంటుంది. దానిమీద అయిదు వోల్టులు నిలిచినా వేడి 75 వాట్లు అవుతుంది. ఇట్లాంటి పొయ్యి వెంటనే పోదు, కొన్ని నిమిషాలు పనిచేసి పోతుంది. ఫ్యాను తిరగకపోయినా, రెక్కల మధ్య నూనె జిడ్డు, దుమ్ము చేరినా ఫలితం ఇదే. వెచ్చదనానికి లోపల చేరే బొద్దింకలు బోర్డుమీద తిరుగుతూ వలయాలను కలిపివేయడం కూడా మన వంటిళ్ళలో సామాన్యమే.

కారణాలు తెలిసిన తరువాత పరీక్ష వరుస దానంతట అదే ఏర్పడుతుంది. కాని అంతకుముందు ప్రాణానికి సంబంధించిన మాట ఒకటి ఉన్నది. ప్లగ్గు తీసిన తరువాత కూడా 5 మైక్రోఫారడ్‌ల కండెన్సరులో 325 వోల్టులు నిలిచి ఉండవచ్చు. దానిని స్క్రూడ్రైవరుతో కలిపి నిప్పురవ్వలు రప్పించడం మోటు పద్ధతి. పది కిలో ఓముల నిరోధకాన్ని బాగా ఇన్సులేషను ఉన్న తీగలతో తాకిస్తే అర సెకనులోపే ఖాళీ అవుతుంది. ఆ తరువాత మీటరుతో చూసి నిర్ధారించుకోవాలి. చాలా పొయ్యిలలో హీట్ సింక్ ట్రాన్సిస్టరుకు నేరుగా అంటి ఉంటుంది. పొయ్యి నడుస్తున్నప్పుడు ఆ అల్యూమినియం దిమ్మమీదనే వెయ్యి వోల్టులు ఉంటాయన్నమాట. బోర్డులోని "గ్రౌండు" భూమికి కలిసినది కాదు, వంతెన ద్వారా ఇంటి కరెంటుకు కలిసినది. అందువల్ల ఆసిలోస్కోపు ఎర్తు తీగను దానికి తగిలిస్తే షార్టు అవుతుంది. విద్యార్థులకు చూపదలచిన ఉపాధ్యాయులు ప్లగ్గులేని పాత బోర్డుతోనే చూపాలి.

మొదట ఫ్యూజునే చూడాలి. అది కాలిన తీరులో కొంత కథ ఉంటుంది. రెండువేల వాట్ల పొయ్యి తీసుకొనేది దాదాపు 8.7 ఆంపియర్లు. ఫ్యూజు గాజు నల్లగా మాడి, లోపల లోహపు పూత పట్టి ఉంటే వందల ఆంపియర్లు దూకినట్లు, అనగా వంతెనో ట్రాన్సిస్టరో షార్టు అయినట్లు. తీగ మధ్యలో మాత్రమే కరిగి, గాజు శుభ్రంగా ఉంటే భారం కొద్దిగా మితిమీరిందని ఊహించవచ్చు. ఫ్యూజు పక్కన ఉండే బిళ్ళవంటి వేరిస్టరు పగిలి ఉంటే దోషం పొయ్యిలోనిది కాక వీధిలోనిది కావచ్చు. మూడు ఫేజుల లైనులో న్యూట్రల్ తెగితే ఇంటికి నాలుగువందల వోల్టుల దాకా రావచ్చు. అప్పుడు వేరిస్టరు తాను షార్టు అయి, ఫ్యూజును కాల్చి, మిగిలిన బోర్డును కాపాడుతుంది.

తరువాత వంతెన, ట్రాన్సిస్టరు. మల్టీమీటరును డయోడు గుర్తుమీద పెట్టి చూస్తే వంతెనలోని ప్రతి డయోడు ఒక దిశలో సుమారు అర వోల్టు చూపాలి, రెండో దిశలో ఏమీ చూపరాదు. ట్రాన్సిస్టరు కలెక్టరు, ఎమిటర్ల మధ్య కూడా దాదాపు ఇంతే, ఎందుకంటే దానిలోపల ఒక డయోడు ఇమిడి ఉంటుంది. రెండు దిశలలోను సున్నా వస్తే అది షార్టు. షార్టు అయిన ట్రాన్సిస్టరు ఒంటరిగా పోదు. పోతూ పోతూ గేటు దారిలో ఉన్న చిన్న నిరోధకాన్ని, గేటును నడిపే రెండు చిన్న ట్రాన్సిస్టర్లను, 18 వోల్టుల జీనర్ డయోడును కూడా వెంట తీసుకుపోవడం మామూలు. వీటిని చూడకుండా వదిలివేయడమే మొదట చెప్పిన "మళ్ళీ టప్పు"కు అన్నిటికన్నా సామాన్య కారణం. గేటును నడిపే చిన్న ట్రాన్సిస్టరు షార్టు అయి, గేటు మీద 18 వోల్టులు శాశ్వతంగా నిలిచిపోతే, కొత్త ఐ.జి.బి.టి. మీట నొక్కగానే తెరుచుకొని మూసుకోవడం మరిచిపోతుంది.

అందుచేత తెలిసినవారు కొత్త ట్రాన్సిస్టరును వెంటనే అతికించరు. దాని స్థానం ఖాళీగా ఉంచి బోర్డుకు విద్యుత్తు ఇస్తారు. 18 వోల్టులు ఉన్నవా, చిప్పుకు కావలసిన 5 వోల్టులు ఉన్నవా, గేటు కాలు వద్ద సున్నా ఉన్నదా అని మూడే కొలతలు. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. అక్కడ సున్నా లేకుంటే ట్రాన్సిస్టరు వేయవలసిన పనిలేదు, గేటు దారిని వెతకాలి.

ఈ విద్యుత్తును కూడా నేరుగా ఇవ్వరు, వంద వాట్ల పాతరకం బల్బును వరుసలో పెట్టి ఇస్తారు. బల్బు పూర్తిగా వెలిగినప్పుడు దాని నిరోధం దాదాపు 530 ఓములు; బోర్డులో ఎంత షార్టు ఉన్నా అర ఆంపియరు మించి పోదు. ఏదీ పగలదు, కాలదు. షార్టు ఉంటే బల్బు నిండుగా వెలిగి చెప్పేస్తుంది. షార్టు లేకుంటే కండెన్సరు నిండేవరకు తళుక్కుమని ఆరిపోతుంది. ఎల్.ఇ.డి. బల్బు ఈ పనికి రాదు, తీగ కాలే బల్బే కావాలి. అంగళ్ళలో అది దొరకడం తగ్గిపోతున్నది కనుక మెకానిక్కులు ఒకటి రెండు దాచుకొని ఉంచుకొంటారు.

అన్నీ సరిపోయిన తరువాత ట్రాన్సిస్టరును, కొలిచి చూసిన కండెన్సరును అతికించి, బల్బు ఉండగానే గిన్నె పెట్టకుండా మీట నొక్కుతారు. గిన్నె ఉన్నదా లేదా అని పొయ్యి కొద్ది సెకన్లకు ఒకసారి చిన్న చిన్న ఊపులు ఇచ్చి తడిమి చూస్తుంది. ప్రతి ఊపుకు బల్బు మినుకుమంటుంది. ఆ మినుకు సమంగా వస్తుంటే వలయం బతికినట్లే. గిన్నె పెడితే బల్బు బాగా వెలిగి, పొయ్యి వోల్టేజి చాలదని ఆగిపోతుంది. అది దోషం కాదు, బల్బు అడ్డుగా ఉన్నందువల్ల జరిగేదే.

పొయ్యి అద్దంమీద చూపే ఇ-1, ఇ-3 వంటి గుర్తులు కొంత సాయం చేస్తాయి కాని, వాటి అర్థం తయారుచేసినవారినిబట్టి మారుతుంది. ఒకరి గుర్తును మరొకరి పొయ్యికి అన్వయిస్తే పెడదారి పడతారు. వేడి గురించిన గుర్తు అని నిర్ధారణ అయితే మాత్రం గాజుపలక కింద ఒకటి, హీట్ సింక్ దగ్గర ఒకటి ఉండే థర్మిస్టర్లను చూడాలి. సాధారణంగా ఇవి గది వేడిమి దగ్గర వంద కిలో ఓముల ప్రాంతంలో ఉంటాయి. వేడిచేస్తే విలువ తగ్గాలి. రెండు వేళ్ళ మధ్య పట్టుకొని మీటరు చూస్తే చాలు, అంకె దిగుతూ కనబడుతుంది. దిగకుండా నిలిచిపోయినది తెగిపోయిన తీగో, చెడిన థర్మిస్టరో అయి ఉంటుంది.

చివరికి బల్బు తీసివేసి, లీటరు నీళ్ళు పోసిన గిన్నెను పెట్టి, ముందు తక్కువ మంటమీద, తరువాత పూర్తి మంటమీద నడిపి చూడాలి. మంట అనే మాట అలవాటువల్ల వస్తున్నది, ఇక్కడ అది లేదు. నీళ్ళు మరిగిన తరువాత కూడా పది నిమిషాలు ఆపకుండా ఉంచి, కింది కిటికీలనుంచి వచ్చే గాలికి చేయి అడ్డుపెట్టి చూడాలి. గాలి వెచ్చగా, ఒకే బలంతో వస్తుంటే పొయ్యిని ఇంటికి పంపవచ్చు. గాలి మందగించినా, ఫ్యాను గరగరలాడినా, దానిని మార్చిన తరువాతనే మూత బిగించాలి.